చంద్రుడి చుట్టూ ఊదా అంచు

క్యారియర్‌లో జావ పోసి మూత బిగిస్తుంటే ఫోన్ వచ్చింది. చేసినాయన నా బిడ్డతో పాటు కెమెరా డిపార్టుమెంటులో పనిచేసే సీనియర్ అసిస్టెంటు. ఆసుపత్రిలో ఆయనను నా బిడ్డ దగ్గర కూర్చోబెట్టి, జావ కాచుకుపోదామని నేను ఇంటికి వచ్చాను.

"అమ్మా, క్యారియర్ తేవద్దులెండి. మీరు తొందరగా వచ్చేయండి," అన్నాడు.

అంతకు మించి చెప్పలేదు. పొద్దున జావ అడిగిన మనిషికి మధ్యాహ్నానికి జావ వద్దంటే నాకు అర్థం కాకపోతుందా. అయినా మూత బిగించడం ఆపలేదు. గట్టిగా బిగించి, పొయ్యి ఆపేసి, ఇంటికి తాళం వేసి, ఆ క్యారియర్ పట్టుకునే ఆటో ఎక్కాను. దారి పొడుగునా అది నా ఒళ్ళో వేడిగా ఉంది.

డెంగీ జ్వరం. ఆరో రోజు. శ్రావణమాసం. నా బిడ్డకు ఇరవై ఎనిమిదేళ్ళు.

మీరంతా ఆదివారాలు నా బిడ్డతో కలిసి ఆకాశం చూసేవాళ్ళు. మీరు వేసుకునే చిన్న పుస్తకంలో ఆమె గురించి రాయమని మీలో మోతీనగర్ పెద్దాయన ఇంటికి వచ్చి అడిగారు. నేను చదివింది ఐదో తరగతి. ఫిల్మ్‌నగర్‌లో సినిమా బట్టలు కిరాయికిచ్చే షాపులో ముప్పై ఏళ్ళుగా కుట్టుపని చేస్తున్నాను. బట్టల మూటల మీద చీటీలు రాయడం తప్ప ఇంత పొడుగు ఎప్పుడూ రాయలేదు. కానీ ఇంట్లో ఆమె మాట ఎత్తడానికి ఇంకో మనిషి లేరు. అందుకని ఒప్పుకున్నాను.

నా బిడ్డ పని ఫోకస్. సినిమాలో కెమెరా నడిపేవాళ్ళు వేరు, దాని పక్కన నిలబడి ఫోకస్ చూసేవాళ్ళు వేరు. నటులు ముందుకు నడిస్తే ముందుకు, వెనక్కి పోతే వెనక్కి, లెన్స్ మీద రింగు తిప్పుతూ బొమ్మ మసకబారకుండా చూడాలి. ఆ పనిలో ఆడపిల్లలు ఇప్పటికీ తక్కువ. మొదట్లో ఒక్క షాటు మసకైతే చాలు, అమ్మాయిగారు హీరోను చూస్తూ రింగు మర్చిపోయారని యూనిట్ అంతా నవ్వేదట. ఇంటికి వచ్చి ఆ మాట చెప్పి తనే నవ్వేది. ఎక్కడన్నా ఏడ్చిందో ఏమో, నా దగ్గర ఏడవలేదు.

షాటు ముందు కెమెరా నుంచి మనిషి దాకా టేపు పెట్టి కొలుస్తారు. ముక్కుకు కాదు, నుదుటికి కాదు, కంటికే కొలవాలి. "కన్ను దొరికితే మనిషి దొరికినట్టే అమ్మా," అనేది. ఆమె పట్టుకున్న మొదటి టేపు నాదే. చిన్నప్పుడు నా కుట్టుమిషను కింద కూర్చుని గోడకూ తలుపుకూ ఎంత దూరం, తనకూ నాకూ ఎంత దూరం అని కొలిచేది. నేను జాకెట్టుకు కొలత తీసుకుందామంటే టేపు ఎప్పుడూ దాని చేతిలో ఉండేది. వాళ్ళ నాన్న లైట్‌మన్. ఆమె ఏడో తరగతిలో ఉండగా గుండెపోటుతో పోయాడు. అప్పటి నుంచి ఇద్దరమే. నేను కుట్టిన బట్టలు వేసుకున్నవాళ్ళకు తను ఫోకస్ పెట్టేది. అట్లా కొన్ని సినిమాల్లో మా ఇద్దరి పనీ ఒకే బొమ్మలో ఉంది. మిగతావాళ్ళకు అది తెలియదు, మాకు తెలుసు.

టెలిస్కోపు ఇంటికి వచ్చి ఐదేళ్ళయింది. శ్రీనగర్ కాలనీలో ఒకాయన ఇల్లు ఖాళీ చేస్తూ పాత సామాను అమ్మేస్తుంటే తెచ్చింది. లెన్సులతో పనిచేసే రకం. ముందు వైపు రెండు గాజు బిళ్ళలు ఒకదాని వెనక ఒకటి బిగించి ఉంటాయి, వెనక వైపు కన్ను పెట్టే చిన్న ముక్క ఉంటుంది, మధ్యలో ఖాళీ గొట్టం. టెలిస్కోపు అనడానికి నా నోరు తిరగక గొట్టం అన్నాను. తర్వాత తను కూడా గొట్టమే అనేది. నా టేపుతో కొలిచి చూశాను. పొడుగు గజానికి కాస్త తక్కువ. ముందు గాజు మూడంగుళాల మీద ఒక గీత. గజం గొట్టం మోసుకొచ్చింది ఇంత చిన్న గాజు కోసమా అన్నాను.

"నీ కంట్లకు వెలుగు పోయే బొక్క ఎంతుంటది? పెసరగింజంత. దానితోనే ఇన్నేండ్లు బట్టలు కుట్టలేదా?" అంది.

మా ఇల్లు ఫిల్మ్‌నగర్ గుట్ట కింద బస్తీలో రెండు గదులు. పైన కిరాయికున్నవాళ్ళందరికీ కలిపి ఒక డాబా. ఒక వైపు జూబ్లీహిల్స్ బంగళాల దీపాలు, ఇంకో వైపు స్టూడియో రేకుల కప్పులు. నడినెత్తిన ఉన్న ముక్క మాత్రమే నల్లగా ఉంటుంది. అక్కడి నుంచి ఏం కనిపిస్తుందని మీరు అనుకోవచ్చు. నేనూ అట్లాగే అనుకున్నాను.

తెచ్చిన వారంలో నేను చేసిన తప్పు ఒకటి చెప్పాలి. పొద్దుగూకే వేళ, తను షూటింగు నుంచి వచ్చి స్నానానికి పోయింది. గుట్ట వెనక నుంచి తెల్లగా పెద్ద వెలుగు లేస్తుంటే చంద్రుడు వస్తున్నాడనుకుని నేనే గొట్టం తిప్పి కన్ను పెట్టాను. చంద్రుడు నలుపలకలుగా ఉన్నాడు. ఆ చంద్రుడి పక్కన ఒక మనిషి తలకిందులుగా వేలాడుతూ బీడీ కాలుస్తున్నాడు. బిడ్డా అని కేక పెట్టాను. తడి జుట్టుతోనే పరుగెత్తుకొచ్చి చూసి, నా బిడ్డ డాబా మీద కూలబడి నవ్వింది.

"అమ్మా, గిది అసలు చంద్రుడు కాదే. యూనిట్ చంద్రుడు. క్రేన్ మీద లైటు ఎక్కించి తెల్లగుడ్డ కట్టిండ్రు."

"మరి గా మనిషి తలకిందులు ఎందుకున్నడు?"

"గొట్టం అన్నిటిని గట్లనే చూపిస్తది. ఆకాశంల కింద లేదు, మీద లేదు. అందుకే అక్కడ ఎవ్వరికి ఫరక్ పడదు."

ఆ నవ్వు ఆగాక ఇద్దరం ఆ క్రేన్ వైపే చూశాం. వాళ్ళ నాన్న అట్లాంటి క్రేన్ల మీద కూర్చుని ఎన్ని సినిమాలకు చంద్రుణ్ణి మోశాడో. అప్పటి నుంచి గుట్ట మీద వెలుగు కనబడితే చాలు, "అసలుదా, యూనిట్‌దా?" అనడం మా ఇంట్లో అలవాటయింది.

అసలుదాన్ని కూడా చూపించింది. జొన్న గటక ఉడికేటప్పుడు బుడగలు పేలి గుంతలు పడతాయే, చంద్రుడు అట్లా ఉన్నాడు. ఒక్కో గుంత పక్కన దాని నీడ కోసినట్టు కనిపించింది. శనిని చూపిస్తానంటే మూడుసార్లు వద్దన్నాను, శనికి ఎదురుపడటం ఎందుకని. నాలుగోసారి చూశాను. సూది చెవి అంత ఉన్నాడు, చుట్టూ ఉంగరం. ఇంత చిన్నవాడికా ఇన్నాళ్ళూ భయపడ్డాను అనిపించింది. నడినెత్తిన ఉన్నవి చూడాలంటే మాత్రం అవస్థే. గొట్టం పైకి లేస్తే కన్ను పెట్టే చోటు నేలకు దిగుతుంది. మోకాళ్ళ మీద కూర్చుని మెడ వెనక్కి విరవాలి. నా మోకాళ్ళు ఒప్పుకోకపోతే చాప వేసి పడుకోబెట్టి చూపించేది.

మా ఇద్దరి చూపూ ఒకటి కాదు. తను చూసి లేచాక నేను కన్ను పెడితే మసక. నేను ఫోకస్ మర తిప్పి చూసుకుని లేస్తే తనకు మసక. రోజూ ఇదే తగువు. చివరికి సెట్లో చేసినట్టే చేసింది. వెనక వైపు లోపలికీ బయటికీ జరిగే ముక్క మీద తెల్ల టేపు అంటించి, పెన్సిలుతో రెండు గీతలు పెట్టింది. లోపల వైపు గీత పక్కన 'అ' అని రాసింది, అది అమ్మది. బయటి గీత పక్కన ఏమీ రాయలేదు, అది తనది. స్టాండు మూడు కాళ్ళు ఎక్కడ ఆనాలో డాబా మీద కూడా మూడు టేపు ముక్కలు అంటించింది.

సెట్లో వాళ్ళకు ఒక కట్టుబాటు ఉంది. ఫోకస్ పెట్టిన మనిషి టీకి పోయినా, అన్నానికి పోయినా, ఆ రింగును ఇంకొకరు ముట్టరు. ఎంత పెద్దవాళ్ళైనా సరే. పెట్టినవాళ్ళు వచ్చి తీయాలి, లేదా వాళ్ళను అడిగి తీయాలి. ఇంట్లో కూడా అదే పెట్టింది. నేను చూసి లేవగానే "ముట్టొచ్చునా?" అని అడిగేది. నేను "ముట్టు" అన్నాకే మర తన గీతకు తిప్పుకునేది. నా వంతు వచ్చినప్పుడు నేనూ అడగాలి. అడగకుండా చెయ్యి పెడితే వేళ్ళ మీద ఒకటి వేసేది.

ఈ రకం టెలిస్కోపుకు ఒక లోపం ఉందని మీకు తెలుసు. తెలియనివాళ్ళ కోసం నాకు అర్థమైనంత చెబుతాను. వెలుగులో అన్ని రంగులూ ఉంటాయట. గాజులోంచి పోయాక అవన్నీ ఒక్క చోట కలవవు. రెండు గాజులు పెట్టేది వాటిని కలపడానికే, అయినా ఊదా రంగు కొంచెం మొండికేస్తుంది. అందుకని బాగా వెలుగున్న వాటి చుట్టూ సన్నగా ఊదా అంచు కనిపిస్తుంది. ఆ అంచు నా బిడ్డకు పంటి కింద రాయి. ఖరీదైన సినిమా లెన్సులు పట్టుకునే మనిషి కదా. చీర అంచులాగా ఎట్లుందో చూడమని నన్ను పిలిచేది. నాకు ఏ అంచూ కనిపించేది కాదు.

"అంచు ఏడుంది బిడ్డా? మంచిగున్నడు చంద్రుడు. జర పసుపు రాసినట్టు ఉన్నడు, గంతే. నీ కండ్లకే ఏదో పట్టింది."

"పసుపు రాసినట్టా?" అంది. నా మొహంలోకి వంగి చూసింది.

మర్నాడు నా దారాల డబ్బాలోంచి రెండు ఉండలు తీసి ఏది నలుపు అని అడిగింది. రెండూ నలుపే అన్నాను. ఒకటి నీలమట. ఆ రోజుల్లో నేను కళ్ళజోడు లేకుండా సూదిలో దారం ఎక్కిస్తున్నానని షాపంతా చెప్పుకుంటున్నాను, వయసు వెనక్కి పోతోందని. కంట్లో పొర వచ్చేటప్పుడు కొన్నాళ్ళు అట్లా దగ్గరివి బాగా కనిపిస్తాయని తను ఎవరినో అడిగి వచ్చి చెప్పింది. కంటి డాక్టరు దగ్గరికి తీసుకుపోయింది. రెండు కళ్ళలోనూ శుక్లాలన్నారు. కంటిలోని గాజు పసుపెక్కి ఊదా రంగును లోపలికి రానివ్వడం లేదట.

బయటికి వస్తూ మెట్ల మీద నవ్వింది. "ఊదా అంచు కనిపించొద్దని మావోళ్ళు గొట్టానికి పసుపు గాజు కొనుక్కొని బిగించుకుంటరు. నీకు కంట్లనే వచ్చింది."

ఆపరేషన్ చేయించుకోమని అప్పటి నుంచి వెంటపడింది. నేను వాయిదా వేస్తూ వచ్చాను. ఒకసారి షాపులో పని ఎక్కువన్నాను, ఒకసారి ఎండలన్నాను. అసలు సంగతి భయం. కంటి మీద కత్తి పెడతారని. "చేయించుకున్నంక అంచు చూపిస్త. ఉందని ఒక్కసారి ఒప్పుకో, చాలు," అనేది. లేనిదాన్ని ఎట్లా ఒప్పుకుంటానని నేను. అది మా ఇద్దరికీ ఆటలాగా అయిపోయింది.

ఒకసారి మీతో కలిసి ఊరి బయటికి పోయి మోతీనగర్ పెద్దాయన టెలిస్కోపులో చూసి వచ్చింది. ఆయనది అద్దాలతో పనిచేసే రకమట, బియ్యం డ్రమ్ము అంత ఉంటుందట. మా గొట్టానికి అందని పల్చటి మబ్బుల్లాంటివి, చుక్కల గుంపులు, అందులో దొరికాయట. పొద్దున టీ తాగుతూ చేతులు తిప్పి తిప్పి చెప్పింది. అట్లాంటిదే తెచ్చుకోరాదా అన్నాను.

"గది పైకి మోయాలంటే ఇద్దరు కావాలె. మోసినంక అద్దం చల్లబడేదాంక ఆగాలె. అద్దాలు పక్కకు జరిగితే సరిచేసుకోవాలె. షూటింగుల నుంచి వచ్చినంక నాకుండేదే గడియసేపు. గీ గొట్టం అట్ల కాదు. మూత తీస్తే చూసుడే."

కాసేపు ఆగి ఇంకో మాట అంది. "దీనికి అందేవి కొన్నే అమ్మా. అందినవాటిని మాత్రం మసక చేయదు."

ఆ మాట నేను గొట్టం గురించే అనుకున్నాను. ఇప్పుడు కుట్టుమిషను దగ్గర కూర్చున్నప్పుడు ఊరికే గుర్తుకొస్తూ ఉంటుంది.

ఇక ఆ సాయంత్రం సంగతి. మర్నాడు పొద్దున తను ఔట్‌డోర్ షూటింగుకు పోవాలి. నాలుగు రోజులుగా వాన. ఆ సాయంత్రం వాన ఆగి మబ్బు విడిచింది. నేను కింద డాన్సర్ల జాకెట్లకు హుక్కులు కుడుతున్నాను, పొద్దునకల్లా సెట్‌కు చేరాలి. పై నుంచి కేక వేసింది.

"అమ్మా, జర పైకి రా. చంద్రుడు మంచిగ దొరికిండు."

"గీ నాలుగు హుక్కులు అయినంక వస్త."

"నీ హుక్కుల కోసం ఆగుతడా ఆయన?"

దారం నోట్లో ఉంది. నాలుగు అయ్యాక ఇంకో నాలుగు కుట్టాను. లేచేసరికి తనే గొట్టం ఎత్తుకుని మెట్లు దిగుతోంది. మళ్ళీ మబ్బు కమ్మిందట. "వచ్చినంక చూద్దాం తీయ్," అంది. కోపం లేదు. కన్ను పెట్టే ముక్క తీయకుండానే మూతలు పెట్టి, జరగకుండా పక్కనున్న చిన్న మర బిగించి, స్టాండుతో సహా మూలకు నిలబెట్టి నా పాత నేత చీర కప్పింది.

ఔట్‌డోర్ నుంచి జ్వరంతో వచ్చింది.

పదకొండు రోజులూ అయ్యాక, వచ్చినవాళ్ళంతా పోయాక, ఆ చీర తీసి చూశాను. టేపు మీద ఫోకస్ బయటి గీత దగ్గర ఉంది. తన గీత. నేను ఆ సాయంత్రం పైకి పోయి ఉంటే 'అ' దగ్గర ఉండేది. పోలేదు కాబట్టి తన కంటి దగ్గరే ఆగిపోయింది. నా బిడ్డ ఫోన్ ఇచ్చారు, బట్టలు ఇచ్చారు, నడుముకు కట్టుకునే టేపు ఇచ్చారు. కానీ ఆమె చూసింది చూసినట్టు ఉండిపోయింది ఆ మర ఒక్కటే. అది కదిలితే ఇంకేం మిగలదనిపించింది. చీర మళ్ళీ కప్పేశాను.

మోతీనగర్ పెద్దాయన మొదటిసారి వచ్చినప్పుడు మంచికే చెప్పారు. వానాకాలంలో మూసి పెడితే గాజుకు బూజు పడుతుందట, ఒకసారి పట్టిందంటే గాజును తినేస్తుందట. "తీస్తూ ఉండాలమ్మా, వాడుతూ ఉండాలి. లేదంటే మాకివ్వండి, బడి పిల్లలకు చూపిస్తాం, మీ అమ్మాయి పేరు మీదే," అన్నారు. ఇవ్వనని చెప్పాను. కాస్త కటువుగానే చెప్పినట్టున్నాను. ఆయన టీ సగం తాగి లేచారు. పెద్దాయనా, ఈ ముక్క మీకోసం రాస్తున్నాను. మీ మీద కోపం కాదు. ఎవరు కన్ను పెట్టినా ముందు మర తిప్పుతారు. గీత ఉంది కదా, మళ్ళీ అక్కడికే తిప్పుకోవచ్చు కదా అంటారేమో. గీత ఉంది. కానీ అక్కడ పెట్టింది ఆమె చెయ్యి. మళ్ళీ పెడితే అది ఇంకొకరి చెయ్యి.

ఇవ్వలేను, తీయలేను, బూజు పట్టనివ్వలేను. వారానికోసారి చీర తీసి, ముందు మూత తెరిచి, కిటికీ దగ్గర గాలికి పెట్టి, సాయంత్రానికి మూసేదాన్ని. డాబా మీదకు తీసుకుపోలేదు. ఆ మూడు టేపు ముక్కలున్న చోట మాత్రం ఎవరూ బట్టల తీగ కట్టలేదు. ఎవరికీ నేను చెప్పలేదు.

కార్తీకంలో ఒక సాయంత్రం ఉండబట్టలేక ఎత్తుకుపోయాను. కాళ్ళు ఆమె పెట్టిన గుర్తుల మీద ఆనించాను. సగం దాటిన చంద్రుడు. కన్ను పెడితే పిండి ముద్ద. గుంత లేదు, నీడ లేదు. నా చెయ్యి దానంతటదే మర మీదకు పోయింది. వేళ్ళు ఆనాక గుర్తొచ్చింది.

"ముట్టొచ్చునా?" అన్నాను.

పైకే అన్నాను. పక్క డాబా మీద బట్టలు తీస్తున్నామె తిరిగి చూసింది. ముట్టు అనేవాళ్ళు లేరు. చెయ్యి తీసేశాను. ఆ మసకనే కాసేపు చూసి, మూత పెట్టి దింపేశాను. ఆ సాయంత్రం వండుకోలేదు.

ఆపరేషన్ నేను ధైర్యం చేసి చేయించుకోలేదు. షాపులో తప్పు చేశాను. ఒక రాజు వేషం నీలం అంగీకి నల్ల దారంతో అంచు కుట్టేశాను, అదీ పొడుగునా. షాపు ఓనరమ్మ తిట్టి ఉంటే బాగుండేది. తిట్టలేదు. "అక్కా, ముందు కళ్ళు చూపించుకో. అమ్మాయి కూడా అదేగా అనేది," అంది. ఇంటికి వచ్చి క్యాలెండరు తిప్పితే, దాటిపోయిన నెలలో ఒక గడిలో ఆమె రాసి పెట్టింది కనిపించింది. 'అమ్మ కన్ను' అని. డాక్టరును అడిగి తనే ఖాయం చేసుకున్న రోజు అది. మర్నాడు ఆ సీనియర్ అసిస్టెంటుకు నేనే ఫోన్ చేశాను. ఆయనే తీసుకుపోయి, కుడి కంటికి చేయించి, ఇంటికి దింపి పోయాడు.

కట్టు విప్పాక ముందు భయమేసింది. అన్నీ కడిగి ఆరేసినట్టున్నాయి. దూరం బాగా తెలుస్తోంది, సూది చెవి మాత్రం జోడు లేనిదే దొరకడం లేదు. ఇంట్లో గోడ మీద ఆమె ఫొటో ఉంది. అందులో వేసుకున్న చున్నీ నల్లది అనుకుంటున్నాను ఇన్నాళ్ళూ. ఊదాది.

నెల పోయాక, పుష్యమాసం పౌర్ణమి సాయంత్రం, గొట్టం పైకి తీసుకుపోయాను. మసకగా కనిపించినా సరే, ఆమె పెట్టింది పెట్టినట్టే ఒకసారి చూద్దామనుకున్నాను. అంతకంటే ఆశ లేదు. గుట్ట వెనక వెలుగు లేస్తుంటే నన్ను నేనే అడిగాను, అసలుదా, యూనిట్‌దా అని. అసలుదే. కాస్త పైకి వచ్చేదాకా ఆగాను. స్టాండుకు మూడో కాలి టేపు వానకు పోయింది కానీ దాని జిగురు మరక ఉంది, దాని మీదే ఆనించాను. పీట వేసుకుని, మూతలు తీసి, కుడి కన్ను పెట్టాను.

మసక లేదు.

మర ఎవరో తిప్పేశారనుకున్నాను. లేచి జోడు పెట్టుకుని చూశాను. పక్క మర బిగించినట్టే ఉంది. ఫోకస్ బయటి గీత మీదే ఉంది, ఏమీ రాయని గీత. గొట్టం కదల్లేదు. కదిలింది నా కన్ను. కంట్లో పాత గాజు పోయి కొత్తది వచ్చాక నా చూపు జరిగి జరిగి తన గీత దగ్గరికి వచ్చి ఆగింది. 'అ' అని రాసిన గీత ఇక నాది కాదు. మర ముట్టే పనే లేకపోయింది. ఆ సాయంత్రం హుక్కులు వదిలి పైకి వెళ్ళనందుకు అక్కడ ఆగిపోయిన ఫోకస్, ఇన్ని నెలలకు నాకు సరిపోయింది.

మోతీనగర్ పెద్దాయన మొన్న ఒక సంగతి చెప్పారు. చూపు సరిగా ఉన్నవాళ్ళకు, కళ్ళజోడుతో సరిచేసుకున్నవాళ్ళకు కూడా, ఫోకస్ ఇంచుమించు అక్కడే కుదురుతుందట. అయితే రండి. గొట్టాన్ని ఇంటి నుంచి పంపలేను, మీరే రండి. బడి పిల్లలనూ తీసుకురండి. కళ్ళజోడు ఉన్నవాళ్ళు జోడు తీయకుండా చూడండి. మరకు మాత్రం చెయ్యి పెట్టకండి. ముందు గాజుకు బూజు పట్టలేదు, చూసుకున్నాను.

ఆ పౌర్ణమి సాయంత్రం మళ్ళీ కన్ను పెట్టినప్పుడు చంద్రుడు నిండుగా, తెల్లగా ఉన్నాడు. పసుపు లేదు. చుట్టూ ఒక పోగంత సన్నగా ఊదా రంగు. చీర అంచు లాగానే. గొట్టానికి అది లోపమే. నేను అట్లాంటి అంచు ఎప్పుడూ ఏ చీరకూ కుట్టలేదు.

"ఉంది బిడ్డా," అన్నాను.

గొట్టాన్ని జరపలేదు. జరపకపోతే చంద్రుడు తన దారిన తను పోతాడు కదా. మెల్లగా ఒక పక్కకు పోయాడు. ముందు మచ్చలు పోయాయి, తర్వాత తెలుపు పోయింది. అన్నిటికన్నా చివర ఆ ఊదా అంచు కాసేపు నిలిచి, అదీ పోయింది. గొట్టం నిండా చీకటి. నేను కన్ను తీయలేదు.